ఇంగ్లీషు స్పెల్లింగు: విని రాస్తే తప్పుతున్నది, బట్టీ పడితే నిలవడం లేదు. ఎలా మెరుగుపరచుకోవాలి?

ప్రశ్న: ఉత్తరలేఖకుడు

అందరికీ నమస్కారం. నేను ఉద్యోగరీత్యా రోజూ ఇంగ్లీషులో ఉత్తరాలు, నివేదికలు రాస్తుంటాను. చదివినది అర్థం చేసుకోవడంలో గాని, మాట్లాడటంలో గాని నాకు పెద్ద ఇబ్బంది లేదు. కష్టమంతా స్పెల్లింగు దగ్గరే వస్తున్నది. కంప్యూటరులో రాస్తున్నంతసేపు అదే ఎర్రగీత గీసి చూపిస్తుంది కాబట్టి పని జరిగిపోతుంది; చేతితో దరఖాస్తు నింపవలసి వచ్చినప్పుడు, నలుగురి ముందు బోర్డు మీద రాయవలసి వచ్చినప్పుడు మాత్రం చెయ్యి ఆగిపోతుంది.

నన్ను ఆపే మాటలు దాదాపు ఎప్పుడూ అవే: సెపరేట్, డెఫినిట్, నెసెసరీ, అకామడేట్, ఎంబరాస్, రిసీవ్, గవర్నమెంట్, ఆకేషన్, రికమెండ్. వీటిలో ఏ అక్షరం జంటగా వస్తుందో, ఏది ఒంటరిగా వస్తుందో, మధ్యలో ‘ఎ’ రాయాలో ‘ఇ’ రాయాలో తేలదు. తెలుగులో ఏ మాటనైనా విన్న వెంటనే రాయగలుగుతాము; ఆ అలవాటుతో ఇంగ్లీషునూ విని రాయబోతే కుదరడం లేదు. నిఘంటువు ముందు పెట్టుకొని వరుసగా బట్టీ పట్టడం కూడా చేసి చూశాను. వారం తిరిగేసరికి మళ్ళీ మొదటికే వస్తున్నది.

నా సందేహాలు రెండు. ఇంగ్లీషు స్పెల్లింగుకు అసలు ఒక పద్ధతి అంటూ ఉన్నదా, లేక ప్రతి మాటనూ విడిగా గుర్తుపెట్టుకోవలసిందేనా? చదువు పూర్తయి ఉద్యోగంలో ఉన్నవారు, రోజుకు కొద్దిపాటి సమయమే కేటాయించగలిగినవారు దీన్ని ఎలా సాధన చెయ్యాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం: పదమూలం

ఉత్తరలేఖకుడు గారూ, మీ మొదటి సందేహమే ముఖ్యమైనది కనుక దానికే ఎక్కువ చోటు ఇస్తాను. నేను చాలాకాలంగా ఇంగ్లీషు బోధిస్తున్నాను; ఈ స్పెల్లింగుకు పద్ధతి లేదన్న మాటను మాత్రం ఒప్పుకోలేను. పద్ధతి ఉన్నది, కాని అది తెలుగు లిపి పద్ధతి కాదు. తెలుగు లిపి ధ్వనిని రాస్తుంది. ఇంగ్లీషు రాత ధ్వనిని కొంతవరకే చూపించి, మిగిలిన చోట ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో, ఏయే ముక్కలతో తయారయిందో చూపిస్తుంది. ఈ తేడా మనసుకు పట్టకుండా ఎన్ని మాటలు వల్లించినా నిలవవు.

ధ్వనిని పూర్తిగా చూపించకపోవడానికి కారణాలున్నాయి. అక్షరాలు 26, ధ్వనులు దాదాపు 44. కాబట్టి ఒక్కొక్క అక్షరం పలు ధ్వనులకు పనిచెయ్యక తప్పదు. దానికి తోడు, విలియం కాక్స్టన్ 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో ముద్రణాలయం నెలకొల్పిన తరువాత రాత క్రమక్రమంగా స్థిరపడుతూ వచ్చింది గాని ఉచ్చారణ ఆగలేదు. సుమారు 1400కు, 1700కు నడుమ ఇంగ్లీషు దీర్ఘాచ్చుల పలుకు మొత్తం మారిపోయింది. నైఫ్, నో వంటి మాటల మొదట ఉన్న ‘కె’ని ఒకప్పుడు పలికేవారు, నైట్ అనే మాటలోని ‘జి-హెచ్’ కూడా గొంతులోనుంచి వచ్చే హకారంలా వినిపించేది. పలుకు పోయింది, రాత మిగిలింది. ఇంకొన్ని అక్షరాలను పండితులే చేర్చారు. అప్పు అనే అర్థమున్న డెట్ అనే మాట ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అందులో ‘బి’ లేదు. దాని లాటిన్ మూలాన్ని గుర్తుచేయడానికి తరువాత పెట్టారు. డౌట్ అనే మాటలోని ‘బి’ కూడా అలా వచ్చినదే. ఐలాండ్‌లోని ‘ఎస్’ అయితే లేని బంధుత్వాన్ని ఊహించడం వల్ల చేరింది: అది పాత ఇంగ్లీషు మాట, దీవికే చెప్పే ఐల్ అనేది లాటిన్ నుంచి వచ్చిన మాట, రెండూ ఒకటే అనుకొని దీనికీ ‘ఎస్’ తగిలించారు.

ఇది విని నిరుత్సాహపడవలసిన పని లేదు. 1966లో అమెరికాలో పాల్ హన్నా, ఆయన సహచరులు 17,000కు పైగా మాటలను తీసుకొని, ధ్వనికీ అక్షరానికీ నడుమ ఉన్న నియమాలను మాత్రమే కంప్యూటరుకు ఇచ్చి రాయించారు. దాదాపు సగం మాటలను అది తప్పు లేకుండా రాసింది. ఇంకొక మూడవ వంతుకు మించిన మాటల్లో ఒక్క చోట మాత్రమే తప్పింది. అంటే బొత్తిగా లొంగని మాటలు తక్కువే. ఆ ఒక్క చోటును సరిచేసుకోవడానికి చెవి పనికిరాదు, మాట నిర్మాణాన్ని చూడాలి.

మీ జాబితానే తీసుకుందాము. డెఫినిట్‌లో ‘ఎన్’ తరువాత రాయవలసినది ‘ఐ’ అన్న సంగతి చెవికి తెలియదు, ఎందుకంటే ఆ చోట ఊనిక, అంటే నొక్కి పలకడం, లేదు. ఊనిక లేని చోట ఇంగ్లీషువారు ఏ అచ్చునైనా ఇంచుమించు ఒకే అస్పష్టమైన అకారంగా పలుకుతారు. అదే మాటకు తోబుట్టువైన డెఫినిషన్‌ను పలికి చూడండి: ఊనిక ఆ చోటికే వస్తుంది, ‘ఐ’ స్పష్టంగా వినిపిస్తుంది. గ్రామర్ చివర ‘ఎ-ఆర్’ రాయాలా ‘ఇ-ఆర్’ రాయాలా అంటే గ్రమాటికల్ చెబుతుంది. రెలెటివ్‌లో ‘ఎల్’ తరువాత ఏమిటో రిలేషన్ చెబుతుంది. కాంపిటీషన్‌లో ‘పి’ తరువాత ఏమిటో కంపీట్ చెబుతుంది. పలకని అక్షరాలకూ ఇదే ఉపాయం: సైన్‌లో వినిపించని ‘జి’ సిగ్నేచర్‌లో వినిపిస్తుంది, మజిల్‌లో వినిపించని ‘సి’ మస్క్యులర్‌లో వినిపిస్తుంది, బాంబ్ చివరి ‘బి’ బంబార్డ్‌లో వినిపిస్తుంది. గవర్నమెంట్ అన్నది గవర్న్, మెంట్ అనే రెండు ముక్కలు. మొదటి ముక్క చివరి ‘ఎన్’ పలుకులో నలిగిపోయినా రాతలో ఉండితీరాలి. సెపరేట్‌కు మాత్రం ఇలా ఊనిక మారే తోబుట్టువు దొరకదు. అయితే ప్రిపేర్‌లో ఉన్న ‘పి-ఎ-ఆర్’ ఇందులోనూ ఉన్నది. రెండింటికీ లాటిన్‌లో మూలక్రియ ఒక్కటే.

ఇక జంట అక్షరాలు. ఇవి తెలుగు చదువుకున్నవారికి నిజానికి సులభంగా పట్టుబడాలి, ఎందుకంటే మనకు సంధులు తెలుసు. ఉత్, లాసము కలిసి ఉల్లాసము అవుతుంది. సత్, జనుడు కలిసి సజ్జనుడు అవుతుంది. జగత్, నాథుడు కలిసి జగన్నాథుడు అవుతుంది. లాటిన్‌లో ఆడ్ అనే ఉపసర్గ చివర ఉన్న ‘డి’ సరిగ్గా ఇలాగే తన తరువాతి హల్లుగా మారిపోతుంది. యాక్సెప్ట్‌లో రెండు ‘సి’లు, అప్పియర్‌లో రెండు ‘పి’లు, అటెండ్‌లో రెండు ‘టి’లు, అనౌన్స్‌లో రెండు ‘ఎన్’లు, అలొకేట్‌లో రెండు ‘ఎల్’లు, అసిస్ట్‌లో మొదట రెండు ‘ఎస్’లు రావడానికి కారణం అదే. అకామడేట్‌లో ఇటువంటి కలయికలు రెండున్నాయి: ఆడ్ చివరి ‘డి’ కాస్తా ‘సి’గా మారడంతో రెండు ‘సి’లు, తరువాతి ఉపసర్గ చివరి ‘ఎం’, ధాతువు మొదటి ‘ఎం’ కలిసి రెండు ‘ఎం’లు. ఆకేషన్‌లో ఆబ్ అనే ఉపసర్గ ‘బి’ని పోగొట్టుకొని ‘సి’ని తెచ్చుకున్నది, కాబట్టి ‘సి’లు రెండు, ‘ఎస్’ జంట కావడానికి ఏ కారణమూ లేదు, కాబట్టి ఒకటే. రికమెండ్ అంటే రి, కమెండ్. కమెండ్‌లో ‘సి’ ఒకటి, ‘ఎం’ రెండు, అంతకు మించి ఏమీ చేరలేదు. ఇల్లీగల్, ఇర్రెగ్యులర్, ఇమ్మోర్టల్ అనేవి ఇన్ అనే వ్యతిరేకార్థక ఉపసర్గకు జరిగిన సంధులు.

ఉపసర్గ మారకుండా నిలిచిన చోట లెక్క ఇంకా తేలిక. డిస్, అప్పియర్ కలిస్తే ‘ఎస్’ ఒకటే. డిస్, శాటిస్‌ఫైడ్ కలిస్తే ‘ఎస్’లు రెండు. మిస్, స్పెల్ కలిసినా రెండే. అన్, నెసెసరీ కలిస్తే రెండు ‘ఎన్’లు. ఫైనల్‌కు ‘ఎల్-వై’ చేరితే రెండు ‘ఎల్’లు. ముక్కలను విడదీసి, ఏ ముక్కలోనూ అక్షరం జారవిడవకుండా మళ్ళీ అతికించడమే ఇక్కడ చెయ్యవలసిన పని.

నెసెసరీ, ఎంబరాస్ వంటివాటికి ఇంత సహాయం దొరకదు. ప్రాసెస్, సక్సెస్‌ల చివర ఉన్న ‘సి-ఇ-ఎస్-ఎస్’ అదే వరుసలో నెసెసరీ మధ్యలో కూడా ఉన్నదని గమనిస్తే కొంత పట్టు దొరుకుతుంది. ఎంబరాస్‌లో ‘ఆర్’ రెండు, ‘ఎస్’ రెండు అని నేరుగా గుర్తుంచుకోవలసిందే.

సమాధానం: ఎర్రసిరా

పదమూలం గారి వివరణ తరువాత నేను రెండవ సందేహానికి మాత్రమే జవాబిస్తాను. ప్రూఫులు దిద్దడం నా వృత్తి. ఇతరుల రాతలు చూడగా చూడగా నాకు గట్టిగా ఏర్పడిన అభిప్రాయం ఏమిటంటే, ఏ మనిషీ అన్ని మాటలనూ తప్పు రాయడు. ప్రతివారికీ తమవే అయిన కొన్ని మాటలుంటాయి, వాటినే మళ్ళీ మళ్ళీ తప్పుతారు. కాబట్టి నిఘంటువులోని మాటలను, పుస్తకాల్లో దొరికే వందల మాటల జాబితాలను పక్కన పెట్టి, మీ సొంత జాబితాను తయారుచేసుకోండి. మీరు ఇప్పటికే తొమ్మిది మాటలు రాశారు. మొదలుపెట్టడానికి అవి చాలు.

జాబితాలో మాటను రాసి ఊరుకోవద్దు. ఎక్కడ తప్పుతున్నారో ఆ అక్షరాన్ని గుర్తించి, దాని కింద గీత గీయండి. సెపరేట్‌లో మీకు మిగిలిన అక్షరాలన్నీ వచ్చు. సందేహం ‘పి’ తరువాతి అచ్చు ఒక్కదాని మీదే. గుర్తుపెట్టుకోవలసినది మొత్తం మాటను కాదు, ఆ ఒక్క అక్షరాన్ని. ఈ సంగతి తెలిస్తే భారం సగానికి పైగా తగ్గుతుంది.

తరువాత సాధన. మాటను నిదానంగా చూడండి, ముక్కలుగా విడదీసి మనసులో చెప్పుకోండి, మూసేయండి, చూడకుండా రాయండి, తెరిచి అక్షరం అక్షరం సరిపోల్చండి. తప్పితే ఆ అక్షరాన్ని మాత్రమే దిద్దుకొని మళ్ళీ మూసి రాయండి. చాలామంది చేసే పని మరొకటున్నది: మాటను ఎదురుగా పెట్టుకొని పేజీ నిండేవరకు దించుతారు. అలా దించుతున్నప్పుడు కళ్ళు మాటమీదే ఉంటాయి కనుక జ్ఞాపకానికి పనే ఉండదు. చెయ్యి నొప్పి పుట్టడం తప్ప ప్రయోజనం స్వల్పం. జ్ఞాపకంలోనుంచి బయటికి తీసే ప్రయత్నమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుందని రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో ప్రచురించిన ప్రయోగాలలో స్పష్టంగా కనబడింది: పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవారికంటె, ఒకసారి చదివి చూడకుండా రాసినవారికి వారం తరువాత ఎక్కువ గుర్తున్నది.

మీరు బట్టీ పట్టినది వారానికే ఎందుకు పోతున్నదన్నదానికి కూడా సమాధానం పాతదే. నేర్చినది మొదట్లో వేగంగానూ, తరువాత నెమ్మదిగానూ మరుపున పడుతుందని హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తాను చేసుకున్న ప్రయోగాలతో చూపించాడు. అందువల్ల ఒకే రోజు గంటసేపు కూర్చోవడంకంటె, ఆ సమయాన్నే చిన్న చిన్న భాగాలుగా విరజిమ్మడం మేలు. ఈ రోజు రాసిన మాటను రేపు చూడకుండా రాయండి; వస్తే మూడు నాలుగు రోజుల తరువాత, అప్పుడూ వస్తే మరుసటి వారం, ఆపైన నెలకు. తప్పిన మాట మళ్ళీ మొదటి రోజుకు రావాలి. రోజుకు అయిదారు మాటలు మించవద్దు.

తెలుగువారికి సహజంగా కలిసివచ్చే ఒక ఉపాయం కూడా చెబుతాను. పైకి సరిగానే పలుకుతూ, మనసులో మాత్రం రాత ప్రకారం పలుకుకోండి. బుధవారానికి ఇంగ్లీషు మాటను మనసులో వెడ్-నెస్-డే అనుకోండి, ఫిబ్రవరిని ఫెబ్-రు-అరీ అనుకోండి, ఎన్విరాన్మెంట్‌ను ఎన్విరాన్, మెంట్ అని విడదీసి అనుకోండి. ఉన్న అక్షరాన్నల్లా పలకడం మన చదువులో చిన్ననాడే అలవాటయింది కాబట్టి ఇది మనకు ఇట్టే పట్టుబడుతుంది.

కంప్యూటరు సంగతి. తప్పును దానంతట అదే దిద్దే సౌకర్యాన్ని ఆపివేయండి, ఎర్రగీతను మాత్రం ఉంచుకోండి. గీత కనిపించగానే అది చూపించే మాటను నొక్కవద్దు. ఎక్కడ తప్పిందో మీరే వెతికి దిద్ది, గీత పోతుందో లేదో చూడండి. రోజువారీ పనిలోనే సాధన జరిగిపోతుంది, విడిగా సమయం అక్కరలేదు. అయితే ఆ గీతను పూర్తిగా నమ్మడానికి లేదు. ఒకేలా వినిపించి అర్థం వేరైన మాటలను అన్నిసార్లూ అది పట్టుకోలేదు: కదలని దానికి చెప్పే స్టేషనరీలో చివర ‘ఎ-ఆర్-వై’, కాగితాలు కలాలకు చెప్పే స్టేషనరీలో ‘ఇ-ఆర్-వై’, సూత్రమైన ప్రిన్సిపుల్ చివర ‘ఎల్-ఇ’, కళాశాల పెద్ద అయిన ప్రిన్సిపల్ చివర ‘ఎ-ఎల్’. ఫ్రమ్ రాయబోయి ఫార్మ్ రాసినా అది గీత గీయకపోవచ్చు. ముఖ్యమైన ఉత్తరాన్ని పంపేముందు చివరి మాట నుంచి మొదటి మాట వరకు వెనక్కు చదవండి. అర్థం వెంట కన్ను పరుగెత్తదు కాబట్టి అక్షరాలు కనిపిస్తాయి. అయితే ఒకేలా వినిపించే మాటలు తేలాలంటే వాక్యార్థం కావాలి కనుక, ఆ తరువాత ఒకసారి ముందునుంచి కూడా చదవాలి.

సమాధానం: పుస్తకప్రియ

పెద్దలిద్దరూ చాలా చక్కగా చెప్పారు. నాదొక భిన్నాభిప్రాయం. ఇన్ని నియమాలకంటె విస్తారంగా చదవడమే స్పెల్లింగుకు అసలైన మందు అని నా నమ్మకం. చదవగా చదవగా మాట రూపం కంటికి అలవాటవుతుంది, తప్పు రాస్తే ఏదో తేడాగా ఉన్నదని కన్నే చెబుతుంది.

నియమాల మీద నాకు నమ్మకం తగ్గడానికి కారణం బడిలో నేర్పే ఆ ప్రసిద్ధమైన సూత్రమే: ‘ఇ’కి ముందు ‘ఐ’ రావాలి, ‘సి’ తరువాత అయితే తిరగబడాలి. బిలీవ్, ఫీల్డ్, పీస్ దానికి సరిపోతాయి. రిసీవ్, సీలింగ్, డిసీవ్ కూడా సరిపోతాయి. కాని సైన్స్, స్పీషీస్ అనే మాటల్లో ‘సి’ తరువాత కూడా ‘ఐ’యే ముందు వస్తుంది, హైట్, వెయిట్, నైబర్ అనే మాటల్లో ‘సి’ లేకపోయినా ‘ఇ’ ముందు వస్తుంది. ఈకారం దీర్ఘంగా పలికే చోట మాత్రమే సూత్రం వర్తిస్తుందని సవరించుకుంటే చాలా మినహాయింపులు తగ్గుతాయి గాని, అప్పుడు కూడా సీజ్, వియర్డ్, ప్రోటీన్ మిగిలిపోతాయి. మీ జాబితాలోని రిసీవ్ వరకు అది పనికివస్తుంది; అంతకంటె ఎక్కువ బరువు దాని మీద వేయవద్దు.

ఉచ్చారణ గురించి కూడా ఒక మాట. ‘వి’, ‘డబ్ల్యు’ అక్షరాలు రెండింటినీ మనం ఒకే వకారంగా పలుకుతాము. అందువల్ల రాసేటప్పుడు రెండింటికీ తేడా తెలియదు. ‘వి’కి పైపళ్ళు కింది పెదవిని తాకాలి, ‘డబ్ల్యు’కి పెదవులు గుండ్రంగా ముందుకు రావాలి. ఈ తేడా నోటికి పట్టించుకుంటే ఆ రెండింటి తప్పులు చాలామటుకు వాటంతట అవే పోతాయి.

సమాధానం: ఎర్రసిరా

పుస్తకప్రియ గారూ, చదవడం అవసరమన్నదానితో నాకు పేచీ లేదు. అది ఒక్కటే చాలునన్నదానితోనే విభేదిస్తున్నాను. చూసినదాన్ని ఆనవాలు పట్టడం వేరు, చూడకుండా పుట్టించడం వేరు. ప్రశ్న అడిగినవారికి ఇంగ్లీషు చదవడంలో ఇబ్బందే లేదు. ఆయన అకామడేట్ అనే మాటను లెక్కలేనన్నిసార్లు చదివే ఉంటారు. వేగంగా చదివేవారి కన్ను మొదటి అక్షరాలను, మాట పొడవును, సందర్భాన్ని పట్టుకొని ముందుకు వెళ్ళిపోతుంది. లోపల ‘ఎం’ ఒకటా రెండా అని ఆగదు. చదవడం స్పెల్లింగుకు పనికిరావాలంటే, మీ జాబితాలోని మాట పేజీలో ఎదురైనప్పుడల్లా అర నిమిషం ఆగి, కళ్ళు మూసుకొని దాన్ని మనసులో రాసి, మళ్ళీ చూడాలి.

ప్రశ్న కొనసాగింపు: ఉత్తరలేఖకుడు

మీ అందరికీ కృతజ్ఞతలు. సంధులతో పోల్చి చెప్పిన తరువాత అకామడేట్‌ను చూడకుండా రాయగలిగాను. ఇంతకుముందు అది నాకు అక్షరాల గుంపుగానే కనిపించేది. దీనికి కొనసాగింపుగా ఒక సందేహం. బిగినింగ్‌లో రెండు ‘ఎన్’లు, ఓపెనింగ్‌లో ఒకటే ఎందుకు? అలాగే షన్ అని వినిపించే ముగింపును ఒక్కొక్కచోట ఒక్కొక్క రకంగా రాయడానికి ఏదైనా ఆధారం ఉన్నదా?

సమాధానం: పదమూలం

మొదటిదానికి ముందు మన చెవికి ఉన్న ఒక అలవాటును గమనించాలి. తెలుగులో ద్విత్వం వినిపిస్తుంది. అమ్మ అన్నప్పుడు రెండు మకారాలూ పలుకుతాము. ఇంగ్లీషులో జంట అక్షరాన్ని సాధారణంగా రెండుసార్లు పలకరు. అది తన గురించి కాక తనకు ముందున్న అచ్చు గురించి చెబుతుంది: ఆ అచ్చు హ్రస్వం అని. రాత్రి భోజనమైన డిన్నర్‌లో రెండు ‘ఎన్’లు, తినేవాడు అనే అర్థమున్న డైనర్‌లో ఒకటి. హాప్‌కు ‘ఐ-ఎన్-జి’ చేరిస్తే ‘పి’ రెండవుతుంది. హోప్‌కు చేరిస్తే చివరి ‘ఇ’ పోయి ‘పి’ ఒకటే ఉంటుంది. కాబట్టి జంట అక్షరాన్ని వినడానికి ప్రయత్నించవద్దు, దానికి ముందున్న అచ్చును వినండి.

మాట పెద్దదైనప్పుడు ఊనిక కూడా లెక్కలోకి వస్తుంది. మాట చివర ఒక అచ్చక్షరం, దాని తరువాత ఒక హల్లక్షరం ఉండి, ఊనిక ఆ చివరి భాగం మీదే ఉండి, చేర్చే ముగింపు అచ్చుతో మొదలయితే హల్లు జంట అవుతుంది. బిగిన్‌లో ఊనిక చివర ఉన్నది, అందుకే బిగినింగ్‌లో రెండు ‘ఎన్’లు. ఓపెన్‌లో ఊనిక మొదట ఉన్నది, అందుకే ఒకటే. జరగడం అనే అర్థమున్న అకర్‌కు ‘ఇ-డి’ చేరిస్తే ‘ఆర్’ రెండు; విజిట్‌కు చేరిస్తే ‘టి’ ఒకటే. రిఫర్ ఇంకా ఆసక్తికరం: రిఫర్డ్‌లో ఊనిక కదలదు కాబట్టి ‘ఆర్’ రెండు, రెఫరెన్స్‌లో ఊనిక మొదటికి జరుగుతుంది కాబట్టి ‘ఆర్’ ఒకటే. కమిట్‌కు ‘ఇ-డి’ చేరిస్తే ‘టి’ జంట, మెంట్ చేరిస్తే అది హల్లుతో మొదలవుతుంది కనుక ఒంటరి. ఈ ఒక్క నియమం బాగా పట్టుబడితే ఉద్యోగంలో రాసే ఇంగ్లీషులో ఎన్నో సందేహాలు ఒకేసారి తీరుతాయి. నేర్చుకోదగిన నియమాల్లో దీనికే నేను మొదటి స్థానం ఇస్తాను.

చివరి ‘ఇ’ గురించి కూడా ఇక్కడే చెప్పుకోవచ్చు. అచ్చుతో మొదలయ్యే ముగింపు వస్తే అది సాధారణంగా పోతుంది, మేక్ నుంచి మేకింగ్ వచ్చినట్టు. నోటీసబుల్, ఛేంజబుల్ అనేవాటిలో మాత్రం ‘ఇ’ నిలుస్తుంది. అది పోతే ‘సి’ కకారంగానూ, ‘జి’ గకారంగానూ పలికే ప్రమాదమున్నది.

షన్ అనే ముగింపుకు ఆధారం మూలపదం. యాక్ట్, డైరెక్ట్ వంటివి ‘టి’తో ముగుస్తాయి, కాబట్టి ‘టి-ఐ-ఓ-ఎన్’. డిస్కస్, ఎక్స్‌ప్రెస్ రెండు ‘ఎస్’లతో ముగుస్తాయి, అవి రెండూ నిలిచి ‘ఎస్-ఎస్-ఐ-ఓ-ఎన్’ అవుతుంది. పర్మిట్, అడ్మిట్ చివర ఉన్న మిట్ అనే ముక్క కూడా రెండు ‘ఎస్’లుగా మారి పర్మిషన్, అడ్మిషన్ అవుతాయి. ఒక వృత్తి చేసే మనిషిని చెప్పే మ్యూజిషియన్ వంటి మాటలయితే మ్యూజిక్, ఎలక్ట్రిక్, పాలిటిక్స్‌లలోని ‘సి’ని వదలకుండా ‘సి-ఐ-ఎ-ఎన్’ రాయాలి. డెసిషన్, విజన్, కంక్లూజన్‌లలో వినిపించేది శకారం కాదు, ఇంకొంచెం నాదమున్న ధ్వని. అది వినిపిస్తే దాదాపు ఎప్పుడూ ‘ఎస్-ఐ-ఓ-ఎన్’ అవుతుంది, గణితంలోని ఈక్వేషన్ దానికి తెలిసిన మినహాయింపు. తడబాటు పెట్టేవి ‘ఎన్-డి’తో ముగిసే క్రియలు: ఎక్స్‌టెండ్ నుంచి వచ్చిన ఎక్స్‌టెన్షన్‌లో ‘ఎస్’, ఇంటెండ్, అటెండ్‌ల నుంచి వచ్చిన ఇంటెన్షన్, అటెన్షన్‌లలో ‘టి’. వీటిని జాబితాలో చేర్చుకొని సాధన చెయ్యవలసిందే. ఏ ఆధారమూ దొరకనప్పుడు ‘టి-ఐ-ఓ-ఎన్’ రాయండి, అటువంటి మాటలే అత్యధికం.

మూలభాషను అడిగి తెలుసుకోవడం ఎంత ఉపకరిస్తుందో అమెరికాలో 1925లో మొదలైన జాతీయ స్పెల్లింగ్ బీ పోటీలను చూస్తే అర్థమవుతుంది. 1985లో బాలు నటరాజన్ గెలిచిన తరువాత భారతీయ మూలాలున్న పిల్లలు అక్కడ ఎన్నోసార్లు విజేతలయ్యారు. ఆ వేదిక మీద పిల్లలు కష్టమైన మాట వినగానే దాని అక్షరాలను వరుసగా చెప్పడానికి దిగరు. దాని అర్థం, అది ఏ భాషనుంచి వచ్చిందన్నది అడుగుతారు. గ్రీకు అని తెలిస్తే ఫకారానికి ‘పి-హెచ్’, కకారానికి ‘సి-హెచ్’ వస్తాయని ఊహించవచ్చు. ఫ్రెంచి అయితే అదే ‘సి-హెచ్’ షెఫ్‌లో వలె షకారానికి వస్తుంది. మనకు పోటీ అవసరం లేదు గాని, నిఘంటువు తెరిచినప్పుడు అర్థంతో పాటు వ్యుత్పత్తిని కూడా చదివే అలవాటు అవసరం.

సమాధానం: పుస్తకప్రియ

ఇందాక చెప్పడం మరచిన విషయం ఒకటి. ఎంత శ్రద్ధగా సాధన చేసినా అక్షరాల వరుస తారుమారవుతూ, చదవడం కూడా చిన్ననాటినుంచి కష్టంగానే ఉన్నవారి సమస్య బద్ధకం కాదు. డిస్లెక్సియా అనే స్థితిలో ధ్వనికీ అక్షరానికీ లంకె ఏర్పడటమే కష్టమవుతుంది. దానికి తెలివితేటలతో సంబంధం లేదు. పిల్లల్లో గాని, పెద్దల్లో గాని ఆ లక్షణాలు కనిపిస్తే ఇంకా ఇంకా రాయమని ఒత్తిడి పెట్టకుండా నిపుణుల చేత పరీక్ష చేయించాలి. వారికి తగిన బోధన పద్ధతులు వేరే ఉన్నాయి.

ప్రశ్న కొనసాగింపు: ఉత్తరలేఖకుడు

చివరిగా ఒక చిన్న విషయం. కలర్, సెంటర్ వంటి మాటల్లో నేను రాసినది సరైనదే అయినా కంప్యూటరు ఎర్రగీత గీస్తున్నది. ఏది అనుసరించాలి?

సమాధానం: ఎర్రసిరా

అది తప్పు కాదు, బ్రిటిష్, అమెరికన్ రాతల తేడా. బ్రిటన్‌లో 1755 నాటి శామ్యూల్ జాన్సన్ నిఘంటువు, అమెరికాలో 1828 నాటి నోవా వెబ్‌స్టర్ నిఘంటువు ఆ రెండు మార్గాలు స్థిరపడటానికి బాగా తోడ్పడ్డాయి. కలర్‌లో ‘యు’ ఉంచడం, సెంటర్ చివర ‘ఆర్-ఇ’ రాయడం, ట్రావెల్డ్‌లో ‘ఎల్’ను జంట చెయ్యడం బ్రిటిష్ పద్ధతి; ‘యు’ తీసివేయడం, ‘ఇ-ఆర్’ రాయడం, ఒకే ‘ఎల్’ రాయడం అమెరికన్ పద్ధతి. ఆర్గనైజ్ వంటి మాటల్లో ‘జెడ్’ రాయడం మాత్రం అమెరికన్ పద్ధతి మాత్రమే అనుకోవద్దు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం కూడా ‘జెడ్’నే వాడుతుంది.

మీ కార్యాలయంలో ఏది నడుస్తున్నదో కనుక్కొని అదే పాటించండి. ఒకే ఉత్తరంలో రెండింటినీ కలపడమే దోషం. కంప్యూటరులో రాత సవరణకు ఎంచుకున్న భాష అమెరికన్ ఇంగ్లీషుగా ఉండి ఉంటుంది. సెట్టింగులలో దాన్ని బ్రిటిష్ ఇంగ్లీషుకు మార్చండి. కలర్, సెంటర్ కింద గీతలు పోతాయి, నిజంగా దిద్దుకోవలసిన మాటల కిందనే మిగులుతాయి.